గడ్డ కోసం ఎదురుచూపు

అమ్మ ఎడమకన్ను ముందుకు పొడుచుకొస్తోందని మొదట గమనించింది నేనే. "వయసొచ్చాక కళ్లు అలాగే ఉంటాయిలేవే" అని కొట్టిపారేసింది. అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. రెప్ప ఉబ్బి, ప్రతిదీ రెండుగా కనిపిస్తోందన్నాక గానీ భీమవరం రాలేదు. అక్కడ స్కాన్ తీసి, కంటి వెనక గడ్డ ఉందన్నారు. అదేం గడ్డో తేలాలంటే రాజమండ్రి వెళ్లి అందులోంచి ముక్క తీయించి పరీక్ష చేయించాలట.

ముక్క అనగానే మావయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. కత్తి తగిలితే గడ్డ ఒళ్లంతా పాకుతుందన్నాడు. ఆయనకు తెలియని వైద్యం లేదు మరి! ప్రయాణం వాయిదా పడింది. ఈలోగా నొప్పి ఓర్చుకోలేక అమ్మ మా వీధి ఆర్.ఎం.పి. గారి చేత సూదులు వేయించుకుంది, ఆయనిచ్చిన మాత్రలూ మింగింది. కొద్దిరోజుల్లోనే వాపు తీసేసినట్టు పోయింది.

ఆ ఆదివారం చర్చిలో అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. "కత్తి పడాలన్నారండి. ప్రభువు కత్తి లేకుండానే తీసేశాడండి." పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టి అందరికీ భోజనాలు పెట్టాం. ఆనందం పట్టలేక నేనూ ఏడ్చాను.

ఎందుకైనా మంచిదని ఆ తర్వాత రాజమండ్రి తీసుకెళ్లాను. ఎమ్మారైలో చిన్న మరక తప్ప ఏమీ లేదు. అది కనిపించినచోటు నుంచే ముక్క తీశారు గానీ, చచ్చిన కణాలు తప్ప ఏమీ దొరకలేదు. డాక్టరుగారు మాత్రల అట్ట తిప్పి చూసి నిట్టూర్చారు. "ఇది స్టెరాయిడ్ అండి. నా అనుమానం లింఫోమా. అది కేన్సరే. కంటి వెనక రావడం చాలా అరుదు. ఈ మందు పడితే కరిగినట్టే ఉంటుంది గానీ పోదు. ఏ రకమో తేలకుండా వైద్యం మొదలుపెట్టలేం. మాత్రలు క్రమంగా ఆపేద్దాం. గడ్డ మళ్లీ పెరగగానే రండి."

"అయితే ఇప్పుడు అది రావాలని ప్రార్థన చెయ్యాలా?" అంది అమ్మ దారిలో. నాకు మావయ్య మీద, ఆ సూదుల మీద, మేం పెట్టిన భోజనాల మీద కూడా ఒళ్లు మండిపోయింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే అమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని కన్ను చూసేదాన్ని. ఏ మార్పూ లేకపోతే దిగులేసేది. ఒకరోజు రెప్ప బరువుగా కనిపించింది.

"వచ్చిందా?"

"వచ్చిందమ్మా!" అన్నాను. ఆ మాటలో సంతోషం నాకే వినిపించి సిగ్గుతో చచ్చిపోయాను.

ఈసారి ముక్కలో లింఫోమా అని ఖాయంగా తేలింది. మందుందన్నారు. కానీ కొత్త స్కాన్‌లో అది మెదడు పొరల్లోకి కూడా పాకి కనిపించింది. ఇక నయమవుతుందని మాట ఇవ్వలేమన్నారు డాక్టరుగారు. ఆస్పత్రి వరండాలో నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే అమ్మ నా వీపు నిమిరింది.

"ఊరుకోవే. మనమే కదా రమ్మన్నాం."