విదోసావ్ లెన్స్, క్రూనియా ముఖం

మా ఊరి శ్మశానంలో ముసలివాళ్ళు తక్కువ. ఎనభై దాటి పోయినవాళ్ళు కూడా సమాధి రాతి మీది పింగాణీ ఫొటో బిళ్ళలో నున్నగా, నిగనిగలాడుతూ ఉంటారు. ఆ పుణ్యమంతా మా ఫొటోగ్రాఫర్ విదోసావ్‌దీ, అతని లెన్స్‌దీ.

తిమోక్ నది ఒడ్డున నా సెలూన్‌కీ అతని స్టూడియోకీ మధ్య ఒకటే గోడ. ఫొటోకి వచ్చేవాళ్ళు నా దగ్గర గడ్డం గీయించుకుని అటు వెళతారు. విదోసావ్ కెమెరాలు చాలా మార్చాడు. పనికోసం వియన్నా వెళ్ళిన భార్య అక్కడే ఉండిపోయింది. లెన్స్ మాత్రం అదే. పాత రష్యన్ సరుకు, అరచేతికి నిండుగా, బరువుగా ఉంటుంది. కుర్రతనంలో సంతలో ఒక జాడీడు ప్లమ్ సారా ఇచ్చి మార్చుకున్నాడట. దాని మీద చెయ్యి వేస్తే నన్ను కూడా కసురుతాడు.

దాని గొప్పేమిటంటే, వెలుతురుని వదిలే లోపలి రేకులు పూర్తిగా తెరిచి తీస్తే కళ్ళు ఒక్కటే స్పష్టంగా వస్తాయి. చెంపలూ చెవులూ మెత్తగా కరిగిపోతాయి, ముడతలు మాయమవుతాయి. పైగా దూరం నుంచి తీసినా ముఖం నిండుగా వస్తుంది. "ముఖంలో ముఖం పెడితే ఎవడైనా బిగుసుకుపోతాడు" అంటాడు విదోసావ్. నాకు మాత్రం ఆ ఫొటోలంటే చిరాకు. ఎవరి ముడత ఎక్కడుందో గడ్డం గీసేవాడికి తెలియదా? అందరూ ఒకే పిండితో చేసిన బొమ్మల్లా ఉంటారు.

ఒకసారి మార్చిలో క్రూనియా వచ్చింది. ఆమె భర్త జివోయిన్ పడుచు వయసులోనే ట్రాక్టర్ తిరగబడి పోయాడు. అందరిలాగే ఆమె కూడా బతికుండగానే అతని సమాధి రాతి మీద తన పేరు చెక్కించుకుని, ఈమధ్యే గుర్తింపు కార్డులోని ఫొటోతో తన బిళ్ళ కూడా పెట్టించుకుంది.

"ఒరే విదో, ఆ బిళ్ళ పీకించేశాను" అంది. "చర్చికి కొత్తగా వచ్చిన గురువుగారు రాయి చూసి, 'మీ అబ్బాయి ఆత్మకి శాంతి కలగాలమ్మా' అన్నాడు. వాడు నా మొగుడురా."

"దానికేముంది క్రూనియక్కా, కూర్చో. ఇరవై ఏళ్ళు లాగేస్తాను."

"పెళ్ళిఫొటో పెట్టుకోరాదూ?" అన్నాను నేను.

"ఆ పిల్లకేం తెలుసు? దానికి చెట్టు కొమ్మ నరకడం కూడా రాదు. ఇన్నేళ్ళూ పిల్లల్ని పెంచి, వాడికి కొవ్వొత్తి వెలిగించింది నేను. కష్టం నాదీ, వాడి పక్కన పడుకునేది అదీనా?"

విదోసావ్ తనకు అలవాటైన పద్ధతిలో ఫొటో తీసి చూపించాడు. మీగడలా ఉంది ముఖం.

"బాగుంది. ఎవరిది?" అంది. ఆమె కళ్ళు చెమర్చాయి. "ముడతలుంటే తల్లినంటారు. లేకపోతే నేను కాను. ఇంతకీ నేను వాడికేమవుతానో నువ్వే చెప్పు."

విదోసావ్ శుభ్రంగా ఉన్న లెన్స్‌నే మళ్ళీ తుడిచాడు. ఆమె కోసం నాకు బాధ కలిగింది. కాఫీ పెట్టి ఇచ్చాను. ఆమె తాగుతుంటే అతను మెల్లగా అడిగాడు.

"అక్కా, జివోయిన్ బావ ఇప్పుడు ఆ గుమ్మంలోంచి వస్తే ఏమంటావు?"

"ఏమంటానా?" క్రూనియా కప్పు కింద పెట్టింది. గుమ్మంకేసి తిరిగింది. "ఆ ప్లమ్ చెట్లు అంత దగ్గరగా నాటొద్దని మొత్తుకుంటే విన్నావా? 'నీకేం తెలుసు' అన్నావు. ఏటేటా ఆ కొమ్మలు నరకలేక నా నడుం పడిపోయింది. ఏటవాలులో ట్రాక్టర్ తిప్పొద్దన్నానా, లేదా? తల దించుకుంటావేం, ఇటు చూడు."

ఆమె అలా దులిపేస్తూ ఉండగా విదోసావ్ లెన్స్ మీది కడియాన్ని తిప్పాడు. టిక్కు టిక్కుమని రేకులు మూసుకోవడం నాకు వినిపించింది. ఆడవాళ్ళ ఫొటోకి అతను ఆ పని చేయడం అదే మొదటిసారి. ఆమె మళ్ళీ నోరు తెరవబోయేలోగా నొక్కాడు.

ఫొటోలో ఒక్క ముడత కూడా పోలేదు. కనుబొమ్మ పైకి లేచింది, పెదవి వెనక ఇంకో మాట సిద్ధంగా ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. ఆలస్యంగా ఇంటికి చేరితే మా ఆవిడ అచ్చం అలాగే చూస్తుంది.

క్రూనియా ఫొటోకేసి వేలు చూపించింది. "ఇది నేనే" అంది.

"నా లెన్స్ తీసినట్టే లేదు" అని గొణిగాడు విదోసావ్. పాపం, ఆ ఫొటో మీద అతనికి మనసు కుదరలేదు. ఆమె వెళ్ళాక కూడా సణుగుతూనే ఉన్నాడు.

ఆకులు రాలే కాలంలో చనిపోయినవాళ్ళని తలుచుకునే శనివారం వచ్చింది. పంచడానికి ఉడికించిన గోధుమలూ, కొవ్వొత్తులూ పట్టుకుని ఊరంతా శ్మశానానికి వెళ్ళాం. పక్క సమాధికి వచ్చిన పరాయి ఊరావిడ ఎవరో, క్రూనియా నిలబడి ఉన్న జివోయిన్ రాతి ముందు ఆగింది. ఆ పడుచువాడి ముఖం చూసింది, దాని పక్కన కొత్త బిళ్ళ చూసింది. విదోసావ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మీ ఆయన ఏం చేశాడమ్మా, ఆయన మీద అంత కోపం?" అని అడిగింది ఆవిడ.

క్రూనియా గిన్నెలోంచి చెంచాడు గోధుమలు తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"నాకంటే ముందు పోయాడు" అంది.