అచ్చు వేడెక్కే దాకా

నా చిన్నప్పుడు మేము బహ్రెయిన్‌లోని గలాలీలో, సముద్రం వాసన నేరుగా గదిలోకి వచ్చేంత దగ్గరగా, ఒక అరబ్బుల ఇంటి వెనక గదిలో ఉండేవాళ్ళం. మేమంటే అమ్మా, నేనూ. అమ్మ ఆ ఇంట్లో వంట చేసేది. అమ్మకి సొంత అన్నయ్య, అంటే మా మావయ్య, ఆ ఇంటాయన పడవ మీద వేటకి వెళ్ళేవాడు. ఆ ఇంటాయనే మా అందరికీ కఫీల్, అంటే వీసా ఇప్పించి పూచీ పడే యజమాని. పడవ వాళ్ళకి రేవు దగ్గర వేరే గది ఉండేది గానీ, శుక్రవారం సెలవు దొరికితే చాలు మావయ్య మా పెరట్లో ప్రత్యక్షమయ్యేవాడు. చెల్లెలి చేతి చేపల పులుసు కోసం వచ్చానని చెప్పేవాడు. నా కోసం వచ్చేవాడని నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగేసరికి నేను ఆ ఇంటికి చేరి ఒక్క ఏడాది కూడా కాలేదు. నాన్న నాకు ఊహ తెలియక ముందే వేటకెళ్ళి తిరిగి రాలేదు. అమ్మ నన్ను కాకినాడ దగ్గర మా ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదిలి, మావయ్య వెనకే బహ్రెయిన్ వచ్చేసింది. అమ్మమ్మ కూడా పోయాక నన్ను చూసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అప్పుడా ఇంటి పెద్దావిడ, కఫీల్ తల్లి, పిల్లని ఇక్కడికే తెప్పించుకోమంది. వీసా తీయించింది, ఈసా టౌన్‌లో మన ఇండియా వాళ్ళ బడిలో చేర్పించింది. నేను వచ్చిన రోజున అమ్మ నన్ను విమానాశ్రయంలో గుర్తు పట్టలేదు. నేనూ అమ్మని గుర్తు పట్టలేదు. మావయ్యే ఇద్దరికీ పరిచయం చేశాడు. ఇప్పుడు చెప్పుకుని నవ్వుకుంటాం గానీ, ఆ వేళ నవ్వలేదు.

బడి నాకు అస్సలు పడలేదు. మా ఊరి బడిలో నేను గొంతు పెద్ద పిల్లని. ఇక్కడ పాఠం ఇంగ్లీషులో, ఆటలు హిందీలో, బస్సులో కబుర్లు మలయాళంలో. నా తెలుగు నాలోనే ఉండిపోయింది. టీచరు ఏదైనా అడిగితే లేచి నిలబడేదాన్ని, కూర్చోమనే దాకా అలాగే నిలబడేదాన్ని. నోరు మాత్రం పెగిలేది కాదు. కొన్నాళ్ళకి ఇంట్లోనూ మాటలు తగ్గిపోయాయి. పళ్ళెం ముందు కూర్చుని అన్నం కెలికేదాన్ని. అమ్మ నన్నే చూస్తూ కూర్చునేది.

ఒకరోజు బడి వాళ్ళు అమ్మని పిలిపించారు. పిల్ల నోరే విప్పడం లేదని, ఇలాగే ఉంటే పై తరగతికి పంపడం కష్టమని చెప్పారు. అమ్మకి అది పెద్ద దెబ్బ. పెద్దావిడ అంత ఆదరంతో చేసిన మేలు మట్టిపాలు చేస్తున్నామని ఒక బాధ. పిల్ల లోపల్లోపల కుళ్ళిపోతోందని ఇంకో బాధ. మార్చిలో పరీక్షలు. అంతదాకా ఆగడం కూడా దండగనిపించింది అమ్మకి. జనవరి చివర్లో మా పక్క ఊరి ఆవిడ ఒకరు పని మానేసి ఇంటికి వెళ్ళిపోతోంది. ఆవిడతో నన్ను పంపించేసి, కాకినాడలో హాస్టల్లో వేయిద్దామని అమ్మ నిర్ణయించేసుకుంది. తెలుగులోనే చదువుకుంటుంది, కాస్త నవ్వుతుంది అని మావయ్యతో చెబుతుంటే తలుపు చాటునుంచి విన్నాను. మర్నాటికల్లా నా గౌన్లు మేకు మీదనుంచి దిగి సంచిలోకి వెళ్ళిపోయాయి.

వెళ్ళనని చెప్పాలని నాకు గొంతు దాకా వచ్చింది. దొరక్క దొరక్క దొరికిన అమ్మ. రాత్రి నిద్రలో నా మీద చెయ్యి వేసి పడుకునే అమ్మ. ఆ మాట చెప్పడానికి ఇంగ్లీషు అక్కర్లేదు కదా, తెలుగు చాలు. కానీ నోరు మూతబడ్డం అలవాటైతే సొంత భాషకీ తెరుచుకోదని నాకప్పుడే తెలిసింది. మావయ్య మాత్రం అమ్మతో వాదన పెట్టుకోలేదు. అమ్మ మొండితనం ఆయనకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. వద్దంటే ఆ రోజే టికెట్ కొనేసే మనిషి. సరేలే అని తలూపి వెళ్ళిపోయాడు. నాకు మావయ్య మీద చచ్చేంత కోపం వచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున మావయ్య తన రేకు పెట్టె, ఇనప కుండ పట్టుకుని వచ్చాడు. గాలం తాడుకి కట్టే సీసం గుండ్లు ఆయన కొనేవాడు కాదు. సొంతంగా పోత పోసుకునేవాడు. పాత పైపుల ముక్కలూ, కారు చక్రాలకి కొట్టే సీసం బిళ్ళలూ సంచి నిండా పోగేసేవాడు. పెరట్లో గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, ఆ వైపునే నన్ను దూరంగా ఒక ముక్కాలి పీట మీద కూర్చోబెట్టేవాడు. పొగ నా వైపు రాకూడదు, పని అయ్యేదాకా నేను ఏమీ తినకూడదు, ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడగాలి. ఈ మూడు విషయాల్లో మాత్రం మా మావయ్య మహా చాదస్తం.

రేకు పెట్టెలో అచ్చులు ఉండేవి. నాకు ఆ పెట్టె అంటే ప్రాణం. ఒకటి టేకు చెక్కది, మా తాతయ్య కాలం నాటిది. లోపలి గుంతలు మాడి నల్లబడి అంచులు అరిగిపోయాయి. ఒకటి సుద్దతో మావయ్యే చేసుకున్నది, వేడికి పగులు ఇచ్చింది. ఇనపది ఒకటి, రెండు ముక్కల మధ్య సందు ఉండి గుండు చుట్టూ రెక్కలు వచ్చేవి. వాటిని మళ్ళీ ఆకురాయితో గీకి తీయాలి. ఇంకోటి అల్యూమినియంది, పొడుగు పిడులతో, పుస్తకంలా తెరుచుకునేది. ఏ అచ్చు తీయాలన్నది ఆయన ఎటు వేటకి వెళ్తున్నాడన్నదాన్ని బట్టి ఉండేది. ఇసక మీదైతే బల్లపరుపు గుండు, పోటు వచ్చినా దొర్లకుండా కూర్చుంటుంది. రాళ్ళ మధ్యనైతే సన్నగా పొడుగ్గా ఉన్నది, ఇరుక్కోకుండా జారి బయటికొస్తుంది. ఇవన్నీ ఆయన నాకు పెద్ద పాఠంలా ఏమీ చెప్పలేదు. పని చేస్తూ తనలో తను మాట్లాడుకునేవాడు, నేను వినేదాన్ని.

ఆ రోజు అచ్చు నన్ను తీయమన్నాడు. "రాళ్ళ మీదకెల్తన్నాను కోడలా, ఏది ఇత్తావో ఇయ్యి" అన్నాడు. నేను కాసేపు ఆలోచించి, పొడుగు గుంతలున్న అల్యూమినియం అచ్చు తీసిచ్చాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి భేష్ అన్నట్టు తలూపాడు. కోపం మర్చిపోయి కాస్త పొంగిపోయాను.

కుండలో సీసం కరిగింది. పైన తేలిన నల్లటి తెట్టుని గరిటెతో తీసి పక్కన వేశాడు. అచ్చు లోపల తడి లేకుండా గుడ్డతో తుడిచి, గుంతల మీద దీపం మసి పట్టించాడు, గుండు అంటుకోకుండా ఊడి రావడానికి. తాడు కట్టుకునే కన్ను కోసం తీగ ముక్క పెట్టి, అచ్చు మూసి, సీసం పోశాడు. తెరిచే పని నాది. గుడ్డ చుట్టిన పిడులు పట్టుకుని లాగాను. లోపల ఉన్నది చూసి నా మొహం మాడిపోయింది. గుండు ఒళ్ళంతా ముడతలు. కింద కొస నిండనే లేదు.

మళ్ళీ పోశాడు. మళ్ళీ అంతే. మూడోది మరీ అధ్వానం, నడుము దగ్గర విరిగే ఉంది. మావయ్య వాటిని వరసగా ఒక మూతలో పెడుతున్నాడు. నేను ఇచ్చిన అచ్చు కదా, నేనే తప్పు అచ్చు ఇచ్చాననుకున్నాను. ఇక్కడ కూడా నాకేమీ రాదని తేలిపోయిందనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి కూడా మావయ్య ఊరుకున్నాడు. అది నాకు మరీ కష్టంగా తోచింది.

సరిగ్గా అప్పుడే అమ్మ టీ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. అంట్లు తోముతూ తోముతూ వచ్చిందేమో, మోచేతుల దాకా నీళ్ళు కారుతున్నాయి. గ్లాసు అందించడానికి కుండ మీదుగా చెయ్యి చాపబోయింది. మావయ్య అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆయన మా మీద గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడితే చాలు, టపాకాయలా పేలి మొహం మీదకి ఎగురుతుంది. అమ్మకీ ఆ సంగతి తెలుసు, వాళ్ళ నాన్న పక్కన కూర్చుని పెరిగిందే కదా. వెంటనే వెనక్కి తగ్గి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ, పరధ్యానంలో ఉన్నానన్నయ్యా అంది.

మావయ్య మళ్ళీ మామూలు మనిషైపోయాడు. మూతలోంచి చల్లారిన ముడతల గుండు ఒకటి పట్టకారుతో తీసి ఆవిడకి చూపించాడు. "సూడు, ఈ సీసం పనికొచ్చేలా లేదు. అవతల పారేద్దామా?"

అమ్మ దాన్ని చూసి ఫక్కున నవ్వింది. నేను వచ్చాక ఆవిడ అలా నవ్వగా చూడటం అదే. "సీసాన్ని తిడతావేటన్నయ్యా? అచ్చు సల్లగా ఉంది. ముందు మంట మీద పట్టలేదా నువ్వు? ఎప్పుడూ పడతావు కదా!"

"మర్సిపోయాను. అయితే ఈటిని ఏం సెయ్యమంటావు?"

"మళ్ళీ కుండలో పడెయ్యి. కరుగుతాయి."

"మళ్ళీ పోసినా ఇలాగే వత్తే?"

"రానీ. అచ్చు ఏడెక్కే దాకా పొయ్యాల. నాన్న ఎన్నిసార్లు సెప్పాడు నీకు?" అంది అమ్మ, చిన్నప్పుడు అన్నని దెప్పినట్టే దెప్పుతూ.

సరే నువ్వు చెప్పావు కదా అన్నట్టు మావయ్య గుండ్లన్నిటినీ ఒక్కొక్కటిగా కుండలో వేశాడు. అవి ఆ వెండి మెరుపులో మునిగిపోయాయి. ఏది వంకరదో ఏది విరిగినదో ఇక తెలియలేదు. తర్వాత ఆయన తలెత్తి, అమ్మ వైపు కాకుండా, నా వైపు చూశాడు. ఆయన చూపు వెంట అమ్మ చూపు కూడా నా మీదకి వచ్చింది.

అమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. లోపలినుంచి పెద్దావిడ పిలిచినా కదల్లేదు. మావయ్య పోస్తూనే ఉన్నాడు, నేను తెరుస్తూనే ఉన్నాను. ఒకటి సగం బాగా వచ్చింది. తర్వాతది కాస్త నయం. ఆ తర్వాత తెరిచేసరికి, నున్నగా, కొస దాకా నిండుగా, తళతళలాడుతూ ఒక గుండు జారి మూతలో పడింది. అమ్మ ముక్కు చీది, పిల్లని పొగలో ఎంతసేపు కూర్చోబెడతావని మావయ్య మీద విసుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. పొగ నా వైపు రానే లేదు.

సాయంత్రం నేను చేతులు రుద్ది రుద్ది కడుక్కుని గదిలోకి వెళ్ళేసరికి, నా గౌన్లు మళ్ళీ తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాయి. సంచి మంచం కిందకి వెళ్ళిపోయింది. ఆ విషయం మీద అమ్మ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనే మాట్లాడాను. ఆకలేస్తోందమ్మా అన్నాను. ఎన్నో రోజుల తర్వాత నేను నోరు తెరిచి అడిగిన మాట అదే. అమ్మ నా తల తన కడుపుకి అదుముకుంది. ఆవిడ ఏడుస్తోందని నా జుట్టు తడిసినప్పుడు తెలిసింది.

ఆ తర్వాత నేనేదో తరగతిలో మొదటిదాన్నైపోయానని చెబితే అబద్ధం. ఆ ఏడాది పై తరగతికి వెళ్ళలేదు, అదే తరగతి మళ్ళీ చదివాను. పెద్దావిడకి ఆ సంగతి చెప్పడానికి అమ్మ వణుకుతూ వెళ్ళింది. ఆవిడ విని, ఖలాస్, అయిందేదో అయింది, మళ్ళీ చదువుతుంది, దానికేముంది అందట. రెండో ఏడాది సగంలో ఒకరోజు తరగతిలో నాకు తెలియకుండానే జవాబు చెప్పేశాను. చెప్పాక నేనే ఉలిక్కిపడ్డాను.

చాలా ఏళ్ళ తర్వాత, మావయ్య పోయాక, అమ్మని ఆ రోజు గురించి అడిగాను. మావయ్య కావాలనే అచ్చు చల్లగా వదిలేశాడని నీకు తెలుసా అన్నాను. తెలియకేం, గుండ్లన్నీ కుండలో వేసి నీ వైపు చూసినప్పుడే తెలిసిపోయింది అంది. కానీ అప్పటికే జవాబు నా నోటితోనే వచ్చేసింది, ఇంక వెనక్కి ఎలా తీసుకుంటానే అంది.

ఇప్పుడు నేను బహ్రెయిన్‌లోనే, రిఫాలో ఉంటున్నాను, నాకూ తల నెరిసింది. ఆ గుండ్లలో ఒక్కటైనా గుర్తుగా నా దగ్గర లేదు. బాగా వచ్చినవి సముద్రంలోకి వెళ్ళాయి, పాడైనవి కుండలోకి వెళ్ళాయి. మా వైపునుంచి ఇళ్ళలో పనికి కొత్తగా వచ్చే ఆడపిల్లలు కొందరు సెలవు రోజున నా దగ్గరికి వస్తుంటారు. మొన్న ఒక అమ్మాయి వచ్చింది. భాష తెలియక, మిషన్లు తెలియక, చేసిన ప్రతి పనీ తప్పవుతోందట. ఇంటావిడ మంచిదే గానీ విసిగిపోయి, తిరిగి పంపించేస్తానందట. అమ్మాయి తన సంచి కూడా సర్దేసుకుంది. నేను వంటింట్లోంచి వచ్చి, ముందు నా చేతుల తడి తుడుచుకున్నాను. అది నాకు అలవాటైపోయింది. ఆ పిల్లని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటావిడతో నాకొచ్చిన అరబ్బీలో మాట్లాడి, ఇంకొన్నాళ్ళు చూస్తానని ఒప్పించుకున్నాను. తర్వాత ఆ పిల్ల ఉండే చిన్న గదిలోకి వెళ్ళి, సంచి విప్పి, బట్టలు ఒక్కొక్కటే తీసి తలుపు వెనక మేకుకి నా చేత్తోనే తగిలించి వచ్చాను.