గ్రహణం పూట ఉగ్గాని

ఇంట్లో పిల్ల నోరూరి ఏదైనా అడిగితే, దాని రుచి కూడా చూడకుండా గడ్డి అని తీర్పు చెప్పే అధికారం మీకెవరిచ్చారు? నా ఈడు వారిని, మిమ్మల్నే అడుగుతున్నాను. మా మనవరాలు కర్నూలులో స్నేహితురాలి పుట్టినరోజుకు పోయి, ఊరూరా ఒకే ఎర్ర బోర్డు, ఒకే రుచితో కరకరలాడే కోడిముక్కలు అమ్మే హోటల్లో తిని వచ్చింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం అది మా ఆలూరుకు వచ్చిందేమోనని ఫోనులో వెతకడం, మీ ప్రాంతానికి ఇంకా రాలేదని ఫోను చెప్పడం, పిల్ల మూతి ముడుచుకోవడం. మొన్న మా అబ్బాయికి కోపం వచ్చింది.

"జొన్నరొట్టె తిని పెరిగిన ఇల్లు మనది. ఆ గడ్డి కోసం ఏడుస్తాండావా?"

"నువ్వు తిన్నావా నాయనా?"

"తినల్లా ఏంది? చూస్తే తెలీదా?"

నాకు నవ్వాగలేదు. ఆ తిట్టే నోటి చరిత్ర నాకు తెలుసు కదా.

నలభై ఏళ్లకు పైమాట. నాకు బద్వేలులో బడిపంతులు ఉద్యోగం వచ్చి, ఆలూరు పిల్ల అయిన మా ఆవిడను వెంటబెట్టుకుని అక్కడ కాపురం పెట్టాను. ఆమెకు నెల తప్పగానే అన్నం వాసన పడలేదు, ఇడ్లీ పడలేదు, మనసంతా ఉగ్గాని మీదే. నానబెట్టి పిండిన బొరుగులకు, అంటే మరమరాలకు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయల తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ పెట్టే ఆ పలహారం మా పడమటి సీమ వాళ్లకు ప్రాణం. అందులోనూ ఆమె అడిగేది ముగ్గురు అన్నదమ్ముల ఉగ్గాని. ఆలూరులో పెద్దాయన, ఆదోనిలో నడిపాయన, పత్తికొండలో చిన్నాయన హోటళ్లు నడిపేవారు. మూడు ఊళ్లలోనూ రుచి వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు, ఎందుకంటే పొడి మూడింటికీ వాళ్లమ్మ చేత్తోనే దంచి పంపేది. గొలుసు హోటళ్లని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటారు గానీ, ఆ ముసలమ్మ రోటి దగ్గర కూర్చునే అలాంటిది నడిపింది. ఆ గొలుసు బద్వేలుదాకా రాలేదు, అంతే. నేను ఇంట్లో చేయబోతే, అక్కడి పలుచటి బొరుగులు నీళ్లు తగలగానే జావై కూర్చున్నాయి. మా ఆవిడ దాన్ని చూసి ఏడ్చింది కూడా.

ఆ పెద్దాయనను మా ఆవిడ అన్నా అని పిలిచేది, ఆయన హోటలు ఆమె పుట్టింటి పక్కనే. బద్వేలులోనూ ఒక హోటలు పెట్టమని నేను కార్డు రాశాను. ఊరి వాటం చూసిపోతానని ఆయన జవాబు రాశాడు. ఎప్పుడు రమ్మన్నానంటారు? సరిగ్గా ఆ పెద్ద సూర్యగ్రహణం రోజున. అప్పట్లో నేను హేతువాద సభల్లో మంట మీద పేలే పేలాలలాంటి వాణ్ణి. గ్రహణం అంటే నీడ, నీడకు విషం ఉండదు, రేపు మధ్యాహ్నం అందరూ వీధిలోకి వచ్చి ఉగ్గాని తినండి అని ముందురోజు బస్టాండు దగ్గర మైకు పట్టుకుని గొంతు చించుకున్నాను. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి.

మర్నాడు గ్రహణం పట్టేసరికి వీధిలో కుక్క కూడా లేదు. మా సంఘం మిత్రులు నలుగురిలో ఇద్దరికి జ్వరం, ఇద్దరు ఊళ్లో లేరు. రెండు బస్సులు మారి బస్తాతో వచ్చిన మనిషికి నష్టం తెచ్చానే అనుకున్నాను. నానబెట్టిన బొరుగులు నిలవ ఉండవు కదా, ఎంత పాడైందని అడిగాను. ఆయన మా వీధిలో పెట్టుకున్న పొయ్యి పక్కన తాపీగా బీడీ కాల్చుకుంటూ అన్నాడు:

"నానబెట్టేది మనిషిని చూసినాకే సార్. ఉపన్యాసం చూసి నానబెడితే నా కొంప మునుగుతాది."

అంతలో మా ఇల్లు గలామె కిటికీలోంచి కేక పెట్టింది. "ఓమ్మో, కడుపుతో ఉండి యాడికి తల్లీ? బిడ్డకు మొర్రి పడ్తాది, లోపలికి రా!"

చూస్తే, అయిదో నెల కడుపుతో మా ఆవిడ నడిచి వస్తోంది. మొర్రి గ్రహణం వల్ల రాదని, అది కడుపులో పెదవి సరిగా అతుక్కోక వచ్చేదని, డాక్టరు కుట్టేస్తే సరిపోతుందని నేనే మైకులో చెప్పాను. అయినా, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఎదురెళ్లి దారికి అడ్డం నిలబడ్డాను. ఒక గంట ఆగి తినరాదా అన్నాను. ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది.

"నిన్న మైకులో అరిసిందంతా యాడికి పాయె? నాకు ఆకలైతాంది." ఆయన వైపు తిరిగి, "మనిషిని చూసినావు కదన్నా, ఇంగ నానెయ్" అంది.

రెండు ప్లేట్లు తింది. పక్కన నిలబడి నేనూ తిన్నాను, రుచి మాత్రం గుర్తులేదు. నాలుగు నెలల తర్వాత బిడ్డను చేతికిచ్చినప్పుడు నేను మొట్టమొదట చూసింది పెదవి. నిక్షేపంగా ఉంది. ఆ సంగతి మా ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. ఆ పెదవులతోనే వాడిప్పుడు కూతుర్ని తిడుతున్నాడు.

గ్రహణం విడిచాక తమాషా జరిగింది. పొద్దుట్నుంచి పస్తున్న ఊరంతా తలస్నానం చేసి ఆకలితో బయటపడింది, హోటళ్ల పొయ్యిలన్నీ చల్లగా ఉన్నాయి, వెలిగేది ఒక్కటే. మా ఇల్లు గలామె తడిజుట్టుతోనే గిన్నె పట్టుకొచ్చింది. బస్తా గంటలో ఖాళీ. ఇంకేం, ఇక్కడ పెట్టేయమని నేను బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మా యమ్మకుండేది రెండు చేతులే సార్. ఆ పొడి నాలుగో ఊరికి చాలదు."

ఇప్పుడు ఆ చేతులు లేవు, ఆ మూడు హోటళ్లూ లేవు. ఆలూరులో ఉగ్గాని దొరుకుతుంది, బాగుంటుంది కూడా, కానీ పొడి పొట్లంలో వస్తుంది, బొరుగులు పొద్దున్నే తట్టెడు నానిపోయి ఉంటాయి. మనిషిని చూసి నానబెట్టే తీరిక ఎవరికీ లేదు. మారనిది ఒక్కటే, మన ఊళ్లో లేని రుచి కోసం నాలుక పడే ఆరాటం. ఆనాడు కడుపుతో ఉన్న ఆమెకు అది వేవిళ్లయితే, ఈ పిల్లకు గడ్డి ఎలా అవుతుంది? చూడకుండానే చెడ్డదనడం మూఢనమ్మకం కాక మరేమిటి?

ఈ ఆదివారం మనవరాలు, మా ఆవిడ, నేను, ముగ్గురం కర్నూలు బస్సెక్కుతున్నాం. మా ఆవిడ అప్పుడే సంచి సర్దింది. మీరూ లేవండి. మీ పిల్లను చెయ్యి పట్టి తీసుకుపోండి, ఎదురుగా కూర్చుని ఆ ముక్క మీరూ కొరకండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.