పండరన్న రంగుల షీటు

పండరికి ఒకటే జబ్బు. వంకరగా ఉన్న ఎక్సెల్ షీటును చూస్తే ఒళ్లంతా దురద పుడుతుంది. అది తన షీటా, పరాయి షీటా అన్న పట్టింపేమీ లేదు. బాన్సువాడ బస్టాండు పక్కన ఏ జిరాక్స్ దుకాణంలోనైనా కంప్యూటర్ మీద ఎవరి షీటో తెరిచి కనిపిస్తే చాలు, గుడిలోకి వెళ్తున్నట్టు చెప్పులు బయట విడిచి మరీ లోపలికి దూరతాడు. "అన్నా, గా హెడ్డింగు జర నడిమికి జరుపుండ్రి. పేర్లు ఎడమకుండాలె, అంకెలు కుడికుండాలె. గిట్లుంటే మనిషికి నిద్రెట్ల వడ్తది?" అంటాడు. ఆ దుకాణంవాళ్లు హాయిగానే నిద్రపోతున్నారు. నిద్ర పట్టనిది పండరికే.

ఇంట్లోనూ అదే తంతు. దండెం మీద బట్టలు రంగుల వరస ప్రకారం ఆరాలి. కంచంలో పచ్చడి పై వరసలో ఉండాలి. మేనకోడలి పెళ్లిలో భోజనాల బంతి వంకరగా ఉందని, తింటున్నవాళ్లను విస్తర్లతో సహా ఎడమకు జరపబోయాడు. మగపెళ్లివారి పెద్దాయన ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. పండరి భార్య మంజులత కాళ్లావేళ్లా పడి ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టింది. "ఇంట్ల నీ ఎక్సెల్ నడ్వది, చెప్తున్న" అని ఆమె ఆనాడే తేల్చి చెప్పింది. పండరి సరేనన్నాడు. మర్నాడు పోపులపెట్టెలో ఆవాలూ జీలకర్రా చోట్లు మారి ఉన్నాయి.

ఇలాంటి మనిషికి ప్రేమలత మేనేజరుగా వచ్చింది చూడండి, అదీ తమాషా. రైతులంతా కలిసి పెట్టుకున్న కోతమిషన్ల కేంద్రంలో పండరి కంప్యూటర్ ఆపరేటరు. ప్రేమలత తండాలో పుట్టి, డిగ్రీ చదివి, కిందటి దసరాకే ఆ కుర్చీలోకి వచ్చింది. టీ చల్లారేదాకా ఆగే ఓపిక లేదు ఆ పిల్లకు. నాలుక కాల్చుకునైనా తాగేసి లేస్తుంది. దేవుడికి పనేమీ లేనప్పుడు ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టి ఉంటాడు.

కేంద్రంలో పొద్దున్నే జరగాల్సిన పని ఒకటుంది. ఏ మిషను ఎవరి పొలం ముందు కోయాలో, ఎవరిది తర్వాత కోయాలో షీటు కొట్టి డ్రైవరు చేతికివ్వాలి. మామూలు మనిషైతే చిటికెలో చేసేస్తాడు. పండరి అలా చేస్తే పండరెందుకవుతాడు? ఒక్కో రైతు వరసకు ఒక్కో రంగు వేస్తాడు. అంతటితో ఆగడు. అదే రంగు గుడ్డపీలిక ఆ రైతుకిచ్చి, పొలం గట్టు మీద కర్రకు కట్టుకొమ్మంటాడు.

"పొలంల జెండా ఎందుకే పండరన్నా?" అని ప్రేమలత మొదటిరోజే అడిగింది.

"షీటుల ఆకుపచ్చ ఉండి పొలంల ఏం లేకుంటే అందం చెడ్తది గద మేడం."

ఇక పొద్దున్నే మొదలు. "పండరన్నా, అయిందా?"

"అయింది మేడం. వినోద్‌కుమార్ పేరు గడిల పట్టక సగమే కానొస్తుంది. మనిషిని నడుముకాడ నరికినట్టున్నది."

గడి వెడల్పు చేశాడు. కాగితం చాలలేదు. కాగితాన్ని అడ్డంగా తిప్పాడు. హెడ్డింగు పక్కకు పోయింది.

"ఇగ చాలు, ప్రింటియ్యి!"

"గీ గులాబి జర ముదురైంది మేడం."

"నీ గులాబి సంగతేమో గని, ఆడ వరి ముదిరి రాలుతుంది!"

కరెంటు పోయింది.

పండరిని అందరికంటే ఎక్కువగా ఆటపట్టించేది మోతీరాం. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి నుంచి వచ్చిన డ్రైవరు, వయసులోనూ పనిలోనూ అందరికీ పెద్ద. ఎంత బురదలోనైనా మిషను దిగబడకుండా తోలతాడని పేరు. షీటు చేతికందగానే, "అరే దేవా! పండరి భావూ, పొలం కోయాల్నా, హోలీ ఆడాల్నా?" అంటాడు. అందరూ గొల్లుమంటారు. పండరి కూడా నవ్వుతాడు. రోషమన్నది ఉన్న మనిషైతే మర్నాడు రంగులు తగ్గించాలి. పండరి ఇంకాస్త బాగా కొట్టొచ్చేవి వేస్తాడు.

ఆ యాసంగిలో ఒకనాడు, సాయంత్రానికి రాళ్లవాన ఉందని ఫోన్లన్నీ మోగాయి. ప్రేమలతకు కాళ్లకింద నిప్పులు పోసినట్టయింది. సావిత్రమ్మకు మాటిచ్చి ఉంది మరి. ఒంటరి మనిషి. ఆమెకున్నది కాలువ పక్కన పల్లంలో ఆ ఒక్క చెక్కే. వరి బాగా పండి, తాకితే రాలేలా ఉంది. "అవ్వా, ఫికర్ చెయ్యకు. రేపు మొదటి నంబరు నీదే" అని ముందురోజే చెప్పింది. రాళ్లు పడ్డాక మిషను వెళ్తే కోయడానికి ఉత్త గడ్డే మిగులుతుంది.

మబ్బు కమ్ముతోంది. పండరి ఇంకా గీతలు సరిచేస్తున్నాడు.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిండంట! లే అవుతలికి!" అని ప్రేమలత మౌసు లాక్కుంది. ఒక్క నొక్కుతో రంగులన్నీ తీసి పారేసింది.

పండరి మొహం తెల్లబోయింది. "మేడం, రంగులొక్కటి ఉండనియ్యిండ్రి! బార్డర్లు తీసెయ్యిండ్రి. గావాల్నంటే హెడ్డింగు వంకర పెట్టుండ్రి!"

హెడ్డింగు వంకర పెట్టమని పండరి నోట వచ్చిందంటే అదెంత పెద్ద మాటో ఆలోచించే తీరిక ఎవరికుంది? నల్లటి అక్షరాలతో బోసిగా వచ్చిన షీటును ఆమె మోతీరాం చేతిలో పెట్టింది. మోతీరాం దాన్ని చూశాడు. తిప్పి వెనక చూశాడు. "ఏంది, ఇయ్యాల హోలీ లేదా?" అని నవ్వబోయి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మోతీరాం, నేను గూడ వస్త" అని పండరి లేచాడు.

"నువ్వేడికి? రుద్రూర్ దిక్కు పోయే మిషనుకు షీటెవరు కొడ్తరు? కూసో!" అంది ప్రేమలత.

పండరి కూర్చున్నాడు గానీ ముళ్లమీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఆ రుద్రూర్ షీటును గీత లేకుండా, రంగు లేకుండా, ఊపిరి తీసుకున్నంత సేపట్లో కొట్టి పడేశాడు. ప్రేమలత ఆశ్చర్యపోయేలోపే ఫోను మోగింది.

"బిడ్డా, నీ మాటకేమాయె?" సావిత్రమ్మ అరుస్తోంది. "మిషను బాలకృష్ణ పొలంల దిగింది!"

ప్రేమలత స్కూటీ తీసింది. అడక్కుండానే పండరి వెనకెక్కాడు. జేబునిండా స్కెచ్ పెన్నులు. ఈయనకు ఇప్పుడు కూడా రంగులేనా అని ఆమెకు ఒళ్లు మండింది.

వాళ్లు వెళ్లేసరికి బాలకృష్ణ పొలంలో సావిత్రమ్మ మిషనుకు అడ్డంగా నిలబడి ఉంది. "నా మీదికెళ్లి తోలు, చూస్త!" అంటోంది. ఇంకా పచ్చిదనం వదలని వరి గల బాలకృష్ణేమో, అంతకుముందు దారిలోనే మోతీరాంను ఆపి, "మొదటి పేరు నాదే, ఇగో చూస్కో" అని షీటు మీద వేలు పెట్టి చూపించాడట. ఇప్పుడు నేలచూపులు చూస్తున్నాడు.

"షీటుల ఎట్లుంటే అట్ల కోస్తున్న. పండరినడుగుండ్రి!" అన్నాడు మోతీరాం పైనుంచి. గొంతు పెద్దదే గానీ, చేతిలోని కాగితం వైపు మాత్రం చూడలేదు.

"షీటుల మొదటి పేరు సావిత్రమ్మదే గద, నువ్వు..." అని ప్రేమలత అందుకుందో లేదో, పండరి అడ్డం పడ్డాడు.

"తప్పు నాది! పేర్లు కిందిమీద కొట్టిన!"

"గట్లెట్లయితది? షీటుల పేరు..." అని బాలకృష్ణ నసిగాడు.

"నువ్వు నోర్ముయ్!"

పండరి గొంతు అంత గట్టిగా లేవడం ఎవరూ ఎరగరు. మిషనెక్కి, కాగితం తీసుకుని, తొడమీద పెట్టుకుని మొదటి వరసకు ఆకుపచ్చ, రెండో వరసకు పసుపు పూశాడు. "ఇగో, గిప్పుడైంది షీటు" అని తిరిగిచ్చాడు.

మోతీరాం ఆకుపచ్చను చూశాడు. తలెత్తి పొలాలకేసి చూశాడు. కాలువ పక్కన పల్లంలో ఆకుపచ్చ గుడ్డపీలిక గాలికి కొట్టుకుంటోంది. ఇక మాట్లాడకుండా మిషను అటు తిప్పాడు.

ప్రేమలత ఆ చూపునే చూస్తూ నిలబడిపోయింది. అది రంగు మీదినుంచి జెండా మీదికి వెళ్లిందే గానీ, మధ్యలో ఒక్క అక్షరం మీద కూడా ఆగలేదు.

సావిత్రమ్మ వడ్లు ట్రాలీకెక్కి, పైన పట్టా కప్పగానే రాళ్లు పడ్డాయి. ముసలామె ఆ పట్టా అంచు పట్టుకుని, తడుస్తూనే నవ్వుతోంది. ప్రేమలతా పండరీ మోటారు గదిలోకి దూరారు.

"ఎన్నొద్దుల సంది ఎరుకనే నీకు?" అని అడిగింది ప్రేమలత.

"మోతీరాం వచ్చిన ఏడాదే తెలిసింది మేడం. షీటు జేబుల పెట్టుకుంటుండె, ముందు ఎవరి పొలమని ఊర్లె కనబడ్డోన్నల్ల అడుగుకుంట తిరుగుతుండె."

"మరి చెప్పొద్దా?"

"అంత పెద్ద డ్రైవరు. చదువు రాదని నలుగుర్ల బయటపడాల్నా? నాకు తెలుసని తెల్సినా గాయన తలెత్తడు. పిచ్చోని రంగులనుకుంటే ఎవ్వరికి అనుమానం రాదు."

ప్రేమలతకు సిగ్గుతో మొహం వేడెక్కింది. "అయితే ఇన్నొద్దులు గీ పిచ్చంత యేసమేనా?"

పండరి తల గోక్కున్నాడు. "సగం యేసం మేడం. సగం నిజమే."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇగ నేను నిన్నొక్క మాట అంటే ఒట్టు."

"అయ్యో, గట్ల చెయ్యకుండ్రి!" పండరి గాబరా పడ్డాడు. "మీరు తిట్టుడు బంద్ చేస్తే మోతీరాంకు అనుమానమొస్తది. రోజు తిట్టాలె."

అంతలో నెత్తిన గోనెసంచి వేసుకుని మోతీరాం లోపలికి ఉరికొచ్చాడు. ప్రేమలత గొంతు సవరించుకుంది.

"ఏందే పండరన్నా! రాళ్లవానలగూడ రంగులేనా? కేంద్రం నడుపుతున్నమా, ముగ్గుల పోటీ పెట్టినమా? సిగ్గులేదా?"

మోతీరాం పొట్ట పట్టుకుని నవ్వాడు. "గట్లడుగుండ్రి మేడం! నేను చెప్తె ఇంటడా గీ హోలీ మనిషి?"

పండరి చేతులు కట్టుకుని, తల వంచుకుని, బుద్ధిగా తిట్లు తిన్నాడు. మోతీరాం అటు తిరగ్గానే ప్రేమలతవైపు వంగి, "జర గట్టిగ మేడం" అన్నాడు.