విత్తనం బుడ్డలూ నా కంఠమాధుర్యమూ

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేమీ కాదు, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసిన రోజుల్లోనే, నాకు నా గొంతు మీద అపారమైన నమ్మకం ఉండేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. ఊళ్ళో బడిలో రోజూ ప్రార్థన నేనే చదివేదాన్ని (మిగతా పిల్లలు సిగ్గుపడి ముందుకు రాకపోవడమే దానికి కారణమని మా అమ్మ అనేది, నేను పట్టించుకునేదాన్ని కాదు). డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరడానికి అనంతపురం వచ్చి, ఆడపిల్లల హాస్టల్లో ఇనుప పెట్టె దించుకునేనాటికి, ఈ ఊరంతా నా గొంతు వినడానికే కాచుకుని కూర్చుందని గట్టిగా అనుకున్నాను. ఊరు మాత్రం ఆ మాట నాతో అనలేదు.

ఆ మాటకు కాస్త దగ్గరగా వచ్చింది కళ్ళద్దాలక్క ఒక్కతే. ఆమె రెండో సంవత్సరం విద్యార్థిని. సీసా అడుగులాంటి అద్దాలు, చంకలో ఎప్పుడూ ఒక పుస్తకం. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక హాస్టల్ వరండాలో అందరం కూర్చుని ఒకే పుస్తకం కలిసి చదువుకోవాలని ఆమె కోరిక. పుస్తకం ఒక్కటే ఉంటుంది కాబట్టి ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్ళు వినాలి. గట్టిగా చదవడం అన్న మాట చెవిన పడగానే నేను చేయి ఎత్తాను. మొదటి రోజు వినడానికి వచ్చింది మాత్రం నా గదిలో ఉండే అమ్మాయి ఒక్కతే. గుంతకల్లు నుంచి వచ్చింది కనుక, ఒకసారి మాట్లాడటం మొదలుపెడితే ఆగదు కనుక ఆమెను రైలు అని పిలిచేవాళ్ళం. అదైనా సాహిత్యం మీద ప్రేమతో రాలేదు. మా గదిలో ఫ్యాన్ చెడిపోయింది, వరండాలో గాలి వస్తుంది. మూడో రోజుకు వార్డెనమ్మ వచ్చి, "ముగ్గురి కోసరం ఇంత పెద్ద లైటు ఏల కాలాల? మనుషులు రాకపోతే ఎత్తిపెట్టండి" అని తేల్చేసింది. కళ్ళద్దాలక్క అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. నాకు జాలేసింది. నా గొంతు మూగబోతుందేమోనన్న భయం అంతకన్నా ఎక్కువ వేసింది. "నాకు వదిలిపెట్టక్కా, మనుషుల్ని నేను తెస్తా" అన్నాను. ఎలా తెస్తానో నాకే తెలియదు.

ఆ ఆదివారం ఊరికి పోయాను. మాది రాయదుర్గం పక్కన పల్లె. ఆ ఏడు వాన ఆలస్యమైంది. నాయన, అమ్మ గడపలో కూర్చుని విత్తనం బుడ్డలు ఒలుస్తున్నారు. బుడ్డలంటే వేరుశనగ కాయలు, మా వైపు అలాగే అంటాం. విత్తనానికి వేసే కాయలను మిషన్లో వేస్తే గింజ పగిలిపోతుంది, పొర లేచిపోతుంది, మొలక రాదు. చేత్తోనే ఒలవాలి. పూర్వం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి ఒలిచిపోయేవాళ్ళట. ఇప్పుడు వాళ్ళంతా పొద్దున్నే బస్సెక్కి రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టడానికి పోతున్నారు. నాయన బొటనవేలు వాచి ఉంది. ఎదురుగా మూటలు అలాగే ఉన్నాయి. అప్పుడు నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన మెరిసింది (నా బుర్రలో ఏది మెరిసినా ఇంట్లో ఎవరికో ఒకరికి నష్టం రావడం అప్పటికే ఆనవాయితీ).

"హాస్టల్లో ఎంతమంది ఆడపిల్లోళ్ళుండారు పాపా?" అన్నాడు నాయన, నేను చెప్పింది విని.

"చానామంది నాయనా. సాయంత్రమైతే అందరూ ఊరికే కూర్చోనుంటారు."

"అన్ని చేతులు ఊరికే ఉంటాయా?" అని నాయన తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"వాళ్ళు తింటారు" అంది అమ్మ. ఆ మాట తప్ప ఆమె ఆ రోజు ఇంకేమీ అనలేదు.

"వాళ్ళు డిగ్రీ చదివే పిల్లోళ్ళమ్మా. పుస్తకం ఇనుకుంటా ఒలుస్తారు, అంతే" అన్నాను, డిగ్రీలో చేరితే ఆకలి వేయదన్నంత ధీమాగా.

నాయన రెండు మూటలు బస్సు దాకా మోసుకొచ్చి వెనక సీటు పక్కన పెట్టాడు. "ఇది ఇత్తనం పాపా, గుర్తు పెట్టుకో. ఇది పోతే ఇంట్లో ఇంగో ఇత్తనం ల్యా. వానొచ్చిన మర్నాడే వస్తా. పదును పోతే మళ్ళీ రాదు" అన్నాడు. పదును అంటే విత్తనం వేయడానికి నేలలో ఉండవలసిన తడి. మా సీమలో అది చుట్టంచూపుగా వచ్చి కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోతుంది. నేను మహారాణిలా తలూపాను. కండక్టర్ మూటలను చూసి, "ఏం పాపా, కాలేజీకి పోతాండావా, మిల్లుకు పోతాండావా?" అన్నాడు. గొప్ప పనులు చేసేవాళ్ళను లోకం మొదట ఇలాగే వెక్కిరిస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు సాయంత్రం వరండాలో బుడ్డలు కుప్ప పోశాం. ఒలుస్తూ కథ వినాలని రైలు హాస్టలంతా తిరిగి చాటింపు వేసింది. జనం విరగబడ్డారు. రోజురోజుకూ పెరిగారు. మెట్ల మీద, కిటికీల్లో, ఎక్కడ చూసినా అమ్మాయిలే. కళ్ళద్దాలక్క ఒక లావుపాటి నవల నా చేతిలో పెట్టింది. ఇల్లు విడిచిపోయిన అన్నను వెతుక్కుంటూ ఒక పిల్ల ఊరూరూ తిరిగే కథ. నేను చదవడం మొదలుపెట్టాను. ఏం చదివాను, ఏం చదివాను. ముసలామె మాటలకు గొంతు వణికించాను, పోలీసు మాటలకు గొంతు బొంగురు చేశాను. ఆ పిల్ల బస్టాండులో ఒంటరిగా నిలబడిన చోట నా గొంతు నాకే ఏడుపు తెప్పించింది. వరండాలో అన్ని నోళ్ళున్నా ఒక్క మాట లేదు. ఎప్పుడూ ఆగని రైలు కూడా కిక్కురుమనలేదు. విషాద ఘట్టాల్లో ముక్కులు ఎగబీల్చడం స్పష్టంగా వినిపించేది. నేను పుస్తకంలోంచి తల ఎత్తేదాన్ని కాదు. గొప్ప పాఠకులు శ్రోతల వంక చూడరని నా అభిప్రాయం.

ఆ వారం నా దర్జా చూసి తీరాలి. పొద్దున్నే మెస్‌లో వంటామెను బతిమాలి మిరియాల పాలు కాయించుకునేదాన్ని. గొంతుకు గాలి తగలకుండా ఆ ఎండల్లో మెడకు చున్నీ చుట్టుకుని తిరిగాను. "గొంతు నొప్పా మే?" అని ఎవరైనా అడిగితే చిన్నగా నవ్వి, చేత్తోనే కాదని సైగ చేసేదాన్ని, మాటలు సాయంత్రానికి దాచుకోవాలి కదా. అదే వారంలో ఇంకో వింత జరిగింది. రాత్రి భోజనాల్లో అన్నం మిగిలిపోవడం మొదలైంది. పిల్లలు సరిగా తినడం లేదని వార్డెనమ్మ కంగారుపడితే, కళ్ళద్దాలక్క అద్దాలు సర్దుకుని, "మంచి పుస్తకం ఇంటే కడుపు నిండినట్లుంటుంది మేడం" అంది. మా ఇద్దరికీ అది పరమ సత్యంగానే తోచింది. అమ్మ అన్న మాట నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇంతలో వాన వచ్చింది. రాత్రంతా కురిసి తెల్లారేసరికి వెలిసింది. ఆదివారం కాబట్టి మేమంతా వరండాలోనే ఉన్నాం. మధ్యాహ్నానికి నాయన హాస్టల్ గేటు దగ్గర ఉన్నాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది, ముఖం వెలిగిపోతోంది. "మంచి పదును పాపా, ఎన్నేండ్లకో ఇట్ల పడింది. ఇత్తనం ఇయ్యి, పోతా" అన్నాడు. వార్డెనమ్మ ఆయనను వరండా మెట్ల దాకా రానిచ్చింది. అక్కడ పొట్టు కొండలా ఉంది. దాని పక్కన ఒలిచిన గింజల సంచి. నాయన రెండు చేతులూ ముందుకు చాచి వంగి, సంచిని పట్టుకుని, ఒక చేయి వదిలేశాడు. ఒక చేత్తోనే అది లేచింది.

"పొట్టు ఇంత ఉండాదే. గింజలు యాడికి పాయె పాపా?"

నేను రైలు వంక చూశాను. సంచి కాపలా దానిదే. రైలు ఏదో చెప్పబోయింది, చెప్పలేకపోయింది. దాని రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. అప్పుడు మొదటిసారి నా శ్రోతల వంక చూశాను. ఎవరి బుగ్గలు చూసినా అలాగే ఉన్నాయి. ఆ వారమంతా నేను విన్న నిశ్శబ్దం ఏమిటో అప్పుడు అర్థమైంది. విషాద ఘట్టాల్లో ముక్కులు ఎగబీల్చింది కూడా నా కోసం కాదట, పొట్టు దుమ్ము ముక్కుల్లోకి పోయిందట (రైలు నమిలి మింగాక వివరంగా చెప్పింది). "నువ్వు బాగా చదివిన కాడ ఇంగా ఎక్కువ తింటిమి మే, చేతులు ఆగల్యా" అని ఓదార్చింది కూడా. భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. కానీ వాన పడి చీలికలన్నీ పూడిపోయాయి.

నాయన తిట్టలేదు. ఇంకా ఒలవని కాయలు అర మూట ఉన్నాయి. మెట్టు మీద కూర్చుని తనే ఒలవడం మొదలుపెట్టాడు. అమ్మాయిలంతా తల వంచుకుని చుట్టూ చేరారు. కాసేపు అందరినీ గమనించి, "నువ్వు తినలేదు గదా పాపా?" అన్నాడు నన్ను.

"ల్యా నాయనా. చదువుతాంటి."

"అదే అంటాండా. చదివే నోరు తినదు. అందరూ చదవండి."

"పుస్తకం ఒగటే ఉండాది."

"నువ్వు ఒగ మాట చెప్పు, వాళ్ళు మళ్ళీ చెప్తారు. ఒకటో తరగతిలో చెప్పినట్ల."

అలా ఆ రోజు డిగ్రీ చదివే ఆడపిల్లలంతా బుడ్డలు ఒలుస్తూ ఒక నవలను పలుకు పలుకుగా వల్లె వేశారు. నేను "ఆ పిల్ల" అంటే వరండా అంతా "ఆ పిల్ల" అంది. నేను "ఎవరికీ వినపడకుండా ఏడ్చింది" అంటే, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది అని వీధి చివరి దాకా వినపడేలా అరిచారు. వార్డెనమ్మ నిద్రలోంచి లేచి పరిగెత్తుకొచ్చి, "ఏమమ్మా ధర్నా? కూరలో ఉప్పు ఎక్కువైందా?" అంది. ముసలామె మాటలకు గొంతు వణికించే అవకాశమే నాకు దొరకలేదు. గింజలు మాత్రం ఒక్కటీ పోలేదు. సాయంత్రం బస్సు వేళకు కాయలన్నీ అయిపోయాయి. నాయన సంచి భుజానికెత్తుకుని, "మిట్ట చేను ఈ ఏడు బీడు పెడదాంలే" అన్నాడు, ఇవ్వాళ కూర లేదు, చారు పోసుకుందాంలే అన్నట్టుగా. గేటు దాకా పోయి వెనక్కి తిరిగాడు. "ఆ పిల్లకు అన్న దొరికితే ఫోన్ చెయ్యి పాపా."

నేను చేయలేదు. ఏ ముఖంతో చేయను? బుడ్డలు అయిపోయాక వరండా కూడా ఖాళీ అయింది. కళ్ళద్దాలక్క వచ్చేది, ఇంకో నలుగురైదుగురు వచ్చేవాళ్ళు. రైలు వచ్చేది, మా గదిలో ఫ్యాన్ బాగైన తర్వాత కూడా. ఆ కొద్దిమందిమే నవల పూర్తి చేశాం.

ఇప్పుడు నేను కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. క్లాసు మరీ నిశ్శబ్దంగా ఉంటే పొంగిపోను, ముందు వరసగా దవడల వంక చూస్తాను. నా గొంతు మీద నాకు మిగిలిన నమ్మకం అంతే. అయినా పూర్తిగా పోలేదంటే దానికి కారణం ఆ ఏడే వచ్చిన ఒక ఫోన్.

విత్తనం పడ్డాక వాన మళ్ళీ ముఖం చూపించలేదు. చెట్లు పూలు పూసి, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు చేలన్నీ వాడిపోయాయని ఊరి నుంచి వచ్చినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం నాయన ఫోన్ చేశాడు. చేను గట్టు మీద కూర్చున్నట్టున్నాడు, గాలి చప్పుడు వినిపిస్తోంది. చేను ఎట్లుండాదని అడిగాను.

"భూమికి పెట్టిందంతా పాయె పాపా. ఆ పిల్లోళ్ళు తినిందొగటే దక్కె" అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. "అది సరే గానీ, అన్న దొరికినాడా ల్యాదా?"

నేను పరిగెత్తి పుస్తకం తెచ్చుకుని, వరండా మెట్టు మీద ఆయన కూర్చున్న చోటే కూర్చుని, ఆ రోజు ఆపిన దగ్గర నుంచి చదివాను. గొంతు వణికించలేదు, బొంగురు చేయలేదు. అవతల చప్పుడు లేదు. చాలాసేపు లేదు. అప్పటికే నాకు నిశ్శబ్దమంటే అనుమానం.

"ఏమి తింటాండావు నాయనా?" అన్నాను.

"తినేకి ఏముండాది పాపా. ఇంటాండా. చదువు."

అన్నాళ్ళు మిరియాల పాలు తాగించి పెంచిన గొంతు, తీరా నోట్లో ఏమీ లేకుండా వినేవాడు ఒక్కడు దొరికేసరికి, మొరాయించింది. దగ్గి, సవరించుకుని, ఆ పిల్ల అన్న కోసం బస్సు దిగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.