ఆరో మంచం తలవైపు

మా వార్డులో ఆమెను అందరూ టార్చి అక్క అనేవాళ్లు. పాతికేళ్ల సర్వీసున్న నర్సు. తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్లను గంటగంటకూ లేపి, కళ్లలో టార్చి వేసి, పేరేమిటని అడిగేది. "నిద్రపోనివ్వమ్మా, పుణ్యముంటుంది" అని బంధువులు విసుక్కుంటే, "పుణ్యం నాకెందుకు, మీ మనిషి మీకు అక్కర్లేదా?" అని కసిరేది. కొత్తగా చేరిన నేను మొదటి నెలంతా ఆమెకు ఎదురుపడకుండా తిరిగాను.

ఆ రోజు పై అధికారుల తనిఖీ. మా సూపరింటెండెంటుగారికి తనిఖీ అంటే వరసలే. మంచాలన్నీ ఒకే ఎత్తున ఉండాలి, తలవైపు లేచిన మంచం ఒక్కటీ కనిపించకూడదు. పైన పటారం, లోన లొటారం. మంచం మీద ఉన్నది మనిషని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఆరో మంచం మీద ఒక పెయింటర్. ముందురోజు నిచ్చెన మీంచి పడి, నడుచుకుంటూనే వచ్చాడు. స్కానులో చిన్న గాయమే ఉంది, కనిపెట్టి ఉండమన్నారు. పొద్దున టిఫిను తింటూ, "మీ గోడలకి రంగేసినవాడెవడో గానీ, వాడికి బ్రష్షు పట్టుకోవడం నేర్పాలి సిస్టర్" అని ఎడమచేత్తో గాల్లో బ్రష్షు ఆడించి చూపించాడు. ఎడమచేతి వాటం మనిషి.

పదింటికి తల పగిలిపోతోందన్నాడు. వాంతి చేసుకుని మగతగా పడుకున్నాడు. టార్చి అక్క హ్యాండిల్ తిప్పి తలవైపు ఎత్తింది, మెడ పక్కకు వాలకుండా సరిచేసింది.

"మెదడు వాస్తే పుర్రె సాగదు చెల్లీ. తల ఎత్తులో ఉంటే రక్తం కిందికి దిగి ఒత్తిడి కొంచెమైనా తగ్గుతుంది" అని నాకు చెప్పి, డ్యూటీ డాక్టరుకు ఫోను చేసింది. "తనిఖీ అయ్యాక చూస్తా" అన్నాడాయన.

ఆమె ఇంకో రోగి కోసం పక్క వార్డుకు వెళ్లగానే హెడ్ నర్సు వచ్చింది. "ఆ మంచం దించు. వరస చెడింది."

దించింది ఎవరనుకున్నారు? నేనే.

"హాయిగా పడుకున్నాడు, లేపకండి" అంది పెయింటర్ భార్య, పాపం, సంతోషంగా.

టార్చి అక్క తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలైంది. భుజం తట్టింది, పలకలేదు. రెప్ప ఎత్తి వెలుగు వేసింది. ఎడమ కంటిపాప చిన్నదైంది. కుడిది పెద్దదై అలాగే ఉండిపోయింది. నాడి నెమ్మదించింది, బీపీ పెరిగింది.

"ఎవరు దించారు?"

"మేడమ్ చెప్పారక్కా..."

"నీకు కళ్లు లేవా?"

హ్యాండిల్ తిప్పి తలవైపు మళ్లీ ఎత్తింది. మంచాన్ని చక్రాల మీద లాగి, అప్పుడే వస్తున్న తనిఖీవాళ్ల ఊరేగింపుకు అడ్డంగా నిలబెట్టింది. "ఆరుగురు డాక్టర్లున్నారు, ఒక్కరు ఇటు రండి! ఇతని మెదడు నొక్కుకుపోతోంది!"

డ్యూటీ డాక్టరు కంటిలోకి చూశాడు. అప్పుడు పరుగులు! ఆక్సిజన్, గొంతులో గొట్టం, వాపు తగ్గించే మందు డ్రిప్పు, స్కాను, ఆపరేషను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

పెయింటర్ బతికాడు. ఎడమచెయ్యి మాత్రం లేవలేదు.

తనిఖీకి అడ్డొచ్చిందని టార్చి అక్కకు మెమో ఇచ్చారు. ఫోనులో తప్పించుకున్నవాడికి ఇవ్వలేదు. మంచం దించమన్నావిడకు ఇవ్వలేదు. నాకూ ఇవ్వలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడు నెలల తర్వాత పెయింటర్ ఎర్ర రంగు డబ్బాతో వచ్చాడు. టార్చి అక్క హ్యాండిల్ తిప్పి ఆరో మంచం తలవైపు ఎత్తితే, అంత ఎత్తున గోడమీద గుర్తుగా కుడిచేత్తో గీత గీశాడు.

"వంకరొచ్చింది సిస్టర్" అన్నాడు సిగ్గుపడుతూ. వాళ్లావిడ ముఖం తిప్పుకుంది.

"కనబడితే చాలు తమ్ముడూ" అంది అక్క.

తర్వాతి తనిఖీకి ముందు హెడ్ నర్సు నన్ను పిలిచి, ఆ గీత మీద తెల్లరంగు వేయించమంది. వేయించనన్నాను. నాకూ మెమో వచ్చింది.

టార్చి అక్క రిటైరై నాలుగేళ్లయింది. టార్చి నా జేబులో ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ వంకర గీతేమిటని అడుగుతారు. ఆ రోజు మంచం దించింది నేనేనని చెప్పి మొదలుపెడతాను.