దారమక్క కుడి భుజం

అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను పదహారేసి పేజీల ఫారాలుగా మడిచి, ఆ ఫారాలను వరసగా పేర్చి వెన్ను దగ్గర దారంతో కుట్టడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే బైండింగ్ షాపు, అదే బల్ల, దానికి మూరెడు దూరంలో అదే కిటికీ. షాపులో అందరూ దారమక్క అని పిలిచేవారు. ఎన్ని వేల పుస్తకాలు కుట్టిందో ఆమెకే తెలియదు గానీ, అందులో చివరిదాకా చదివినవి రెండో మూడో. నా చేతికొచ్చేవన్నీ ముక్కలే కదా, మధ్యలో మొదలెట్టి మధ్యలోనే ఆపేస్తాను అని నవ్వేది.

కుడి భుజం నొప్పి ఆమెకు చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టం. మొదట్లో సాయంత్రం వచ్చి పొద్దున్నే వెళ్లిపోయేది. కొన్నాళ్లకు వెళ్లడం మానేసింది. మెడ అడుగున మొదలై, భుజం మీదుగా మోచేతి దాకా ఎవరో తడిబట్టను పిండుతున్నట్టుండేది. జడ వేసుకోవాలంటే తల వంచి చేతి దగ్గరికి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఎముకల డాక్టరు ఫోటో తీయించి, మాత్రలు రాసి, మూడు నెలలు ఆ చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. మాత్రలకు కడుపు మండిపోయింది. ఇక విశ్రాంతి మాట. మూడు నెలలు ఇంకెవరైనా ఆ బల్ల ముందు కూర్చుంటే, నాలుగో నెల కూడా వాళ్లే కూర్చుంటారని ఆమెకు తెలుసు. అలా మూడేళ్లు లాక్కొచ్చింది.

ఆమె మరిది వాచీలు బాగుచేసేవాడు. ఆమె కాపురానికి వచ్చేనాటికి వాడు పదకొండేళ్ల పిల్లాడు. వాడికి లెక్కలు చెప్పింది ఆమే, పరీక్ష తప్పితే అత్తగారి దగ్గర అడ్డం పడిందీ ఆమే. చెయ్యి మంచిది, చూపు మంచిది. కానీ జనం టైము ఫోనులో చూసుకోవడం మొదలెట్టాక ఆ రెంటితో పని లేకుండా పోయింది. ఎనిమిది నెలలు షాపులో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. గడ్డం గీసుకోడు, అడిగితే ఒక్క మాట, అడక్కపోతే అదీ లేదు. ఆ రోజుల్లో షాపు నుంచి వాడు రావడం పావుగంట ఆలస్యమైతే దారమక్క వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. తర్వాత ఎవరి సలహాతోనో ఆక్యుపంక్చర్ నేర్చుకోవడానికి వెళ్లాడు. రెండేళ్లు వారాంతాల్లో రైలెక్కి వెళ్లి చదివి, సర్టిఫికెట్టు తెచ్చి గోడకు తగిలించి, వాచీల షాపు వెనక గదిలో మంచం వేశాడు.

ఒక్కరూ రాలేదు. ముళ్లు సరిచేసేవాడు ఇప్పుడు ముళ్లు గుచ్చుతాడట అని వీధిలో నవ్వుకున్నారు. గడియారం డాక్టరని పేరు పెట్టారు. రెండు నెలలు చూసి అత్తగారు, మన ఇంట్లోనే ఒకరు మూలుగుతుంటే బయటివాళ్లు ఎందుకొస్తారు అని దెప్పింది. దారమక్క వెళ్లింది. భుజం కోసం కాదు, వాడి కోసం.

సూదులు వెంట్రుక కంటే కాస్త లావుంటాయేమో. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకటి, మోచేతి మడత దగ్గర ఒకటి, భుజం మీద మూడు, మోకాలి కింద బయటివైపు ఒకటి. గుచ్చినప్పుడు దోమ కుట్టినంత కూడా లేదు. తర్వాత లోపల ఏదో బరువుగా, లాగినట్టు అయ్యింది. ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోమన్నాడు. వాచీ లోపలికి చూసేటప్పుడు ఎలా ఊపిరి బిగబట్టేవాడో, ఆమె భుజం ముందు కూడా అలాగే నిలబడ్డాడు. నాలుగోసారికి నొప్పి సగమైంది. తొమ్మిదోసారి తర్వాత ఒక తెల్లవారుజామున ఆమె కుడిపక్కకు తిరిగి పడుకుని నిద్రలేచింది. మూడేళ్లలో అది మొదటిసారి. నిజంగా పోయింది. ఆమె అబద్ధమేమీ చెప్పలేదు, అప్పటికి.

సంతోషం పట్టలేక కనబడినవాళ్లందరికీ చెప్పింది. షాపులో చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించింది. కాగితం కోసే మిషను నడిపే అతని భార్య మోకాళ్లు పట్టుకుని వెళ్లింది. షాపు యజమాని నడుము పట్టుకుని వెళ్లాడు. నెల తిరిగేసరికి వాచీల అద్దాల బీరువాలు పోయి వాటి స్థానంలో బెంచీ వచ్చింది. దాని చివర అత్తగారు కూర్చుని, వచ్చినవాళ్లకు వరస చెప్పేది. మరిది గడ్డం గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు, అన్నం తింటూ జోకులు వేశాడు.

నొప్పి పోయిన ఆరో వారంలో దారమక్క పై అరలోంచి ఫారాల కట్ట దించుతుంటే భుజంలో చిటుక్కుమంది. సాయంత్రానికి నొప్పి మూటాముల్లెతో తిరిగొచ్చి కూర్చుంది.

అప్పుడే చెప్పేద్దామని పని దిగి నేరుగా మరిది దగ్గరికి వెళ్లింది. గుమ్మంలో ఉండగానే లోపలి మాటలు వినబడ్డాయి. బెంచీ మీద నలుగురున్నారు, అందులో ఒకాయన బాగా అనుమానపు మొహం పెట్టుకుని ఉన్నాడు. "మూడేళ్ల నొప్పి అండీ. తొమ్మిదిసార్లు గుచ్చాను, పోయింది. అదిగో, మా వదినే వచ్చింది," అన్నాడు మరిది. "వదినా, ఒక్కసారి చెయ్యి ఎత్తి చూపించవా?"

నలుగురూ ఆమె వైపు తిరిగారు. వాడి మొహంలో చిన్నప్పుడు పరీక్ష పాసైన రోజు కనబడిన వెలుగుంది. ఆమె పళ్లు బిగించి చెయ్యి పైకెత్తింది. మోచేతి దాకా నిప్పు దిగింది. నవ్వి, నెమ్మదిగా దించింది. అనుమానపు ఆయన చొక్కా విప్పడం మొదలెట్టాడు.

రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాడు ఇంకో ఇద్దరున్నారు. వారం పోయాక చెప్పాలంటే వారం రోజులు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న తోడైంది. నెల పోయాక ఆ ప్రశ్నే నొప్పి కంటే పెద్దదైంది.

అలా తొమ్మిది నెలలు. నొప్పి ఉందని అందరికీ తెలిసిన రోజుల్లో ఇంట్లో నీళ్లు మోయడం, పరుపులు ఎత్తడం తప్పించారు. తగ్గిందిగా అని అత్తగారు అవన్నీ మళ్లీ అప్పజెప్పింది. మూలగడానికి లేదు. ఎముకల డాక్టరు దగ్గరికి పోవడానికి లేదు, ఆయన కాంపౌండరే వారానికోసారి మరిది బెంచీ మీద కనిపించేవాడు. మరిది దగ్గరికే మళ్లీ వెళ్లి గుచ్చించుకుందామంటే, తగ్గిపోయిన మనిషికి సూదులెందుకని బెంచీ మీదున్నవాళ్లంతా అడుగుతారు. రెండు స్టాపులు అవతల మందుల షాపులో మాత్రలు కొని, బైండింగ్ షాపులో దారం డబ్బాలో దాచుకునేది. కడుపు మళ్లీ మండింది. ఎడం చేత్తో కుట్టడం నేర్చుకుంది. ఏంటక్కా అంటే, సరదాకి అనేది.

సందేహమున్నవాళ్లను మరిది నేరుగా షాపుకే పంపేవాడు. యజమానికి అదో గొప్ప. మా దారమక్కే, చూడండి అని బల్ల దగ్గరికి తీసుకొచ్చేవాడు. కొన్ని రోజులు నాలుగుసార్లు చెయ్యి ఎత్తాల్సి వచ్చేది. నాటకంలో వేషం వేసేవాళ్లకు కనీసం తెర పడుతుంది. ఆమెకు అదీ లేదు. చెప్పేస్తే ఏమవుతుందని ఆలోచించినప్పుడల్లా, ఆ గోడ, గోడకేసి చూస్తున్న ఆ మనిషి కళ్ల ముందు మెదిలేవి. నోటి దాకా వచ్చిన మాట కడుపులోకి పోయేది.

ఆమె భర్తది నీళ్ల పంపుల దగ్గర ఉద్యోగం. ఇంట్లో గట్టిగా మాట్లాడితే ఎక్కడ ఏ పైపు పగులుతుందో అన్నట్టుండే మనిషి. ఒక పొద్దున మంచం అంచున కూర్చుని ఆమె ఎడం చేత్తో కుడి చేతిని పరాయివాళ్ల సామానులా ఎత్తి ఒళ్లో పెట్టుకోవడం చూశాడు. మర్నాటి నుంచి తల్లి లేవకముందే బకెట్లు నింపి లోపల పెట్టేవాడు. ఆయనకు తెలిసిందని ఆమెకు తెలిసింది. ఇద్దరూ కిక్కురుమనలేదు. ఆ ఇంట్లో నిజం తెలిసినవాళ్లు ఇద్దరైనా, మాట బయటికి రావడానికి మాత్రం దారి దొరకలేదు.

ఒక మధ్యాహ్నం షాపుకి బస్సు కండక్టరు ఒకామె వచ్చింది. యూనిఫారంలోనే ఉంది, ముప్పై ఐదేళ్లుంటాయి. ఆ రోజు యజమాని లేడు. దారమక్క అలవాటుగా చెయ్యి ఎత్తబోయింది. ఆమె వద్దని, పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. తనకు మెడ నుంచి నొప్పి అని, రెండు నెలలుగా వేళ్లు మొద్దుబారాయని, టికెట్లు జారిపడిపోతున్నాయని చెప్పింది. మెడలో ఎముక నరాన్ని నొక్కుతోందని పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కి గురువారం రమ్మన్నారట. కత్తంటే భయం. గడియారం డాక్టరు నాలుగు వారాలు చూద్దామన్నాడు, మా వదినను అడగండి అన్నాడు. నాలుగు వారాలు ఆగితే ఈ తేదీ పోతుంది, మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు.

"నాకు ఇద్దరు పిల్లలక్కా. ఈ చెయ్యి పోతే నాకు పని లేదు," అంది. "మీకు నిజంగా పోయిందా?"

దారమక్క బల్ల మీదున్న సూదిని ఇవతల పెట్టింది, అవతల పెట్టింది. కండక్టరు వేళ్లు ఒళ్లో వాలిపోయి ఉన్నాయి. తను ఇన్నాళ్లూ ఎవరి నొప్పి వాళ్లదే అనుకుంది. తను చెయ్యి ఎత్తితే ఎవరికీ నష్టం లేదనుకుంది.

"పోలేదమ్మా," అంది చివరికి. "నెలన్నర పోయి మళ్లీ వచ్చింది. నాది నొప్పే, నీలాగా మొద్దుబారలేదు. నువ్వు గురువారం వెళ్లు. సూదులు ఎక్కడికీ పోవు, తర్వాతైనా గుచ్చించుకోవచ్చు."

కండక్టరు ఆమె భుజం వైపు చూసి, ఎవరికీ చెప్పనక్కా అని లేచింది. చెప్పనూ లేదు. కానీ ఆ సాయంత్రం మరిది దగ్గరికి వెళ్లి ఆపరేషన్‌కే పోతున్నానని చెప్పినప్పుడు, మా వదినను కలవలేదా అని అతను అడిగాడు. కలిశానంది. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. వాచీ ఆగితే ఏ చక్రం దగ్గర ఆగిందో పట్టుకునేవాడికి ఆ పాటి చాలు.

భోజనాల వేళకు ఇంటికొచ్చాడు. చెయ్యి కడుక్కోలేదు. "నొప్పి ఎప్పుడొచ్చింది వదినా?" అన్నాడు.

ఆమె చెప్పింది. కట్ట దించిన రోజు నుంచి దారం డబ్బాలో మాత్రల దాకా అన్నీ చెప్పింది. అత్తగారు, ఊరంతా నీ మాట మీదే వస్తోందే అని తలపట్టుకుంది. భర్త కంచం వైపు చూస్తూ, నాకు తెలుసని గొణిగాడు. ఆయన ఆ ఇంట్లో అంత సాహసం చేయడం అదే మొదలు.

మరిది కోప్పడతాడని ఆమె ఎదురుచూసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "తగ్గిందని వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు," అన్నాడు. "రాలేదంటే తగ్గిందనే అనుకున్నాను. నువ్వే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు నాకు?"

ఆ ఆదివారం వచ్చినవాళ్ల పేర్ల పుస్తకం తీసుకుని ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరాడు. నా మొహం మీద చెప్పరు, నువ్వు కూడా రా అని వదినను వెంటబెట్టుకెళ్లాడు. మూడు ఆదివారాలు తిరిగారు. కొందరికి నిజంగానే బాగుంది. కాగితం కోసే అతని భార్య మెట్లెక్కి మరీ చూపించింది. కొందరికి సగం. చాలామందికి నెలో రెండు నెలలో పోయి మళ్లీ వచ్చింది, ఆ అనుమానపు ఆయనతో సహా. మరి చెప్పలేదేం అంటే అందరిదీ దాదాపు ఒకటే జవాబు. మీ వదినగారికి పూర్తిగా పోయిందన్నారు కదా, మా ఒంట్లోనే ఏదో లోపం అనుకున్నాం.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు దారమక్క మెట్ల మీదే కూర్చుండిపోయింది. తనొక్కతే బిగుసుకుని ఉన్నాననుకుంది. తన వెనకాల ఇంటికొకరు చొప్పున ఇంతమంది నోరు మూసుకుని కూర్చున్నారు.

తర్వాత బెంచీ పల్చబడింది. మరిది వచ్చినవాళ్లకు ముందే చెప్పేస్తున్నాడు, నొప్పి తగ్గొచ్చు, మళ్లీ రావొచ్చు, వస్తే దాచకుండా రండి అని. చెయ్యో కాలో మొద్దుబారిందంటే సూది ముట్టడు, ఆసుపత్రికి పంపిస్తాడు. రోజుకు ఇద్దరు ముగ్గురు వస్తారు. రానప్పుడు గోడకేసి చూడడం లేదు గానీ, మొదటి రోజుల జోకులు కూడా లేవు. కండక్టరు ఆపరేషన్ అయ్యాక మెడకు పట్టీతో వచ్చి, వేళ్లు ముడిచి తెరిచి చూపించి వెళ్లింది.

మూడు వారాలకోసారి దారమక్క ఆ మంచం మీద పడుకుంటుంది. రెండు వారాలు భుజం తేలిగ్గా ఉంటుంది, మూడో వారం నొప్పి గుమ్మం దగ్గర నిలబడి తొంగి చూస్తుంది. బైండింగ్ షాపులో ఆ బల్ల నుంచి మాత్రం విడుదల లేదు. బడి పుస్తకాల కాలం వచ్చింది, ఫారాల కట్టలు కిటికీ సగం దాకా మూసేశాయి. యజమాని ఆమెను జనానికి చూపించడం మానేశాడు, కట్టలు మాత్రం పై అరలోనే పెట్టిస్తున్నాడు. అత్తగారు రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు.

కానీ ఇప్పుడు మూలుగుతుంది. పొద్దున్నే లేస్తూ, భుజం పట్టుకుని, మనసారా మూలుగుతుంది. పక్క గదిలోంచి అత్తగారు, మెల్లగా, వీధిలో వినబడుతుంది అంటుంది. వినబడనీ అత్తయ్యా అని ఇంకోసారి మూలిగి, ఎడం చేత్తో బకెట్టు అందుకోబోతుంది. అప్పటికే అది నిండి ఉంటుంది.